విశాఖ వాకిట మునిగిన ఘాజీ

(పాలకొల్లు పఠనాలయమున చేసిన యుపన్యాసము)



సముద్రమునకు ఇంత చేరువగా నివసించుచు సముద్రమును గూర్చి యింత తక్కువగా తలపోయు జనము మనవలె వేరొకచోట నుందురో లేదో! ఈ పాలకొల్లునకు నరసాపురము ఆమడ దూరమైనను లేదు. ఆ నరసాపురము దాటిన కొలది దూరములోనే వశిష్ఠ గోదావరి కడలిని గలియుచున్నది. 17వ శతాబ్దమున డచ్చివారు మన యూర వర్తకశాల నెలకొల్పినది సముద్రము దగ్గరయని యెరిగియే. ఆ కాలమున నరసాపురపు రేవున ఓడలు కట్టెడివారు. నేడు సముద్రమనిన మనకు చేపల బేరము, తుపాను వార్త, అంతర్వేది తీర్థము. అంతటితో సరి. యుద్ధము మాత్రము మనలను మరవలేదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మనుల ‘ఎమ్డెన్’ చెన్నపట్టణపు నూనెతొట్లపై గుండ్లు కురిపించెను. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. మూడవమారు 1971లో యుద్ధము మన తీరమునకు నీటి యడుగున నడచివచ్చెను. నేటి ప్రసంగమునకు విషయము ఆ మూడవ రాకయే.

దీనికి కారణము ఒక విద్యార్థి. గడచిన మాసమున ఈ మందిరముననే యాతడు మమ్ము సమీపించి, “అయ్యా, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని ముంచినది మన నౌకాదళమే గదా! కాదని కొందరు వ్రాయుచున్నారు. అట్టివారు దేశద్రోహులు కారా?” అని యడిగెను. ఆతని ప్రశ్నలో మొదటిభాగము చరిత్రకు సంబంధించినది. దానికి పుస్తకములు చూచి బదులు చెప్పవచ్చును. రెండవభాగము మాకు రాత్రి నిద్ర లేకుండ జేసినది. న్యాయస్థానములలో ఇరువదియేండ్లుగా సాక్ష్యములతో కాలక్షేపము చేయుచున్న మాకు, సాక్ష్యమడుగుట ద్రోహమగునను మాట మ్రింగుడుపడలేదు. కావున ఈ వ్యాజ్యమును మీ యెదుట విచారణకు పెట్టుచున్నాము. నేడు న్యాయాధిపతులు మీరే.

ఒక మాట ముందుగా మనవి చేయవలెను. 2017లో సంకల్ప్ రెడ్డి గారి దర్శకత్వమున ‘ఘాజీ’ యను చలనచిత్రము వచ్చినది. మీలో పెక్కురు చూచియుందురు. మేమును చూచితిమి, ఆనందించితిమి. అందులో మన జలాంతర్గామి ఘాజీతో నీటి యడుగున పోరాడి దానిని కడతేర్చును. అట్టి పోరాటము జరిగినదని చరిత్ర చెప్పదు. కథకు కల్పన హక్కు. చిక్కంతయు మనమా కల్పనను చరిత్రగా మూటగట్టుకొని యింటికి దెచ్చుకొనుటలోనున్నది. ఆ విద్యార్థి తెచ్చుకొన్నదియు ఆ మూటయే.

ఘాజీ విశాఖకు మోసికొనివచ్చిన సరకు ‘మైనులు.’ ఇనుప కుండలో మందు దట్టించి, దానికొక లంగరు కట్టి, నీటి పైభాగమునకు కొన్ని యడుగుల క్రింద నిలుపుదురు. దాని ఒంటిపై కొమ్ములుండును. ఓడ వచ్చి కొమ్మును తాకినచో ప్రేలును. సముద్రపు అడుగున పరుండి, పైన పోవు ఓడ యినుమునకుగల అయస్కాంతశక్తిని పసిగట్టి ప్రేలు జాతియు నొకటి కలదు. ఫిరంగికి గురిపెట్టువాడొకడుండును, వాని కన్నులకు శత్రువెవడో తెలియును. మైనునకు కన్నులు లేవు. యుద్ధనౌకయో, బియ్యపు బస్తాల స్టీమరో, తెల్లవారుజామున వలవేయబోవు జాలరి తెప్పయో, దానికన్నియు నొక్కటియే. పరచినవాడు పోయిన పిదప, యుద్ధమే ముగిసిన పిదపగూడ అది కాచుకొని కూర్చుండును.

దీని క్రౌర్యమును గుర్తించియే 1907లో హేగు నగరమున నాగరిక రాజ్యములు కూడి ఒక ఒడంబడిక వ్రాసికొన్నవి. లంగరులేని మైను చేయివిడిచిన గంటలోపల నిర్వీర్యము కావలెను. లంగరుతెగిన మైను వెంటనే చల్లారవలెను. వర్తక నౌకలను అడ్డుటకే యని శత్రుతీరమున మైనులు పరచరాదు. యుద్ధము ముగియగనే ఎవరివి వారు ఏరివేయవలెను. చక్కని చట్టమే. ‘వర్తకము నడ్డుటకే’ యనుమాటలో ‘కే’ యనునది యెంత పెద్ద కంతయో మావంటి వకీళ్లకు చెప్పనక్కరలేదు. మరియొక యుద్దేశము కూడ కలదనినచాలును, చట్టము చేతులు ముడుచుకొనును.

ఏడేండ్లకే 1914 వచ్చినది. మైనులు పరచుటకు జలాంతర్గామిని వాడినచో ఎవరికిని తెలియకుండ శత్రువు గుమ్మముననే పరచి రావచ్చునని జర్మనులు గ్రహించిరి. ‘యు.సి.’ యను పేర వారు కట్టిన చిన్న జలాంతర్గాముల ముందుభాగమున ఏటవాలుగా ఆరు గొట్టములుండెను. వీనిలో రెండవ తరగతివి ఒక్కొక్కటి 18 మైనులు మోయుచుండెను. అంతకంటె పెద్దవియు కొన్ని కట్టిరి. అట్టి పెద్దవానిలో ‘యు-75’ అనునది 1916 మే నెల చివర ఆర్క్నీ దీవుల పడమట మైనులు పరచి వెళ్లెను. జూను 5వ తేదీన ‘హాంప్‌షైర్’ అను బ్రిటిషు యుద్ధనౌక ఆ మైనుపైబడి మునిగెను. పన్నిద్దరు తప్ప దానిలో ఎవరును మిగులలేదు. రష్యాకు పోవుచు అందులో మరణించినవాడు కిచ్చెనరు ప్రభువు. ఈయన మనకు కొత్తవాడు కాడు. 1902 మొదలు 1909 వరకు ఇండియా సేనాధిపతిగానుండి, కర్జనుతో కలహించి, ఆ కర్జను రాజీనామాకే కారకుడైన దొర ఈతడే. ఇక ఆ యు-75 గతి యేమైనది? 1917 డిసెంబరు 13వ తేదీన ఉత్తరసముద్రమున అదియును ఒక మైను తగిలియే మునిగెను.

మరియొకటి ‘యు.సి.-44.’ ఐర్లండులోని వాటర్‌ఫర్డు రేవుముందర మైనులు పరచవచ్చి, 1917 ఆగస్టు 4వ తేదీ రాత్రి తన జాతివారి మైనుచేతనే పగిలెను. కెప్టెను ఒక్కడు బ్రతికి బయటపడెను. అంతకుముందు జర్మనులు పరచిన మైనులను తాము ఏరివేసినట్లు నటించి, శత్రువునకు చెవినిబడునట్లు చాటించి, వానినట్లే యుంచితిమని ఆంగ్ల గ్రంథకర్తలు కొందరు తరువాత గొప్పలు చెప్పుకొనిరి. ఆ గొప్పలను పిదపటి చరిత్రకారులు సందేహించిరి. బ్రిటిషువారు ఆ జలాంతర్గామిని కొలది వారములలో పైకి లాగి, అందలి కాగితములు చదివి, డోవరు జలసంధిలో తమ కాపలా ఎంత డొల్లయో తెలిసికొనిరి.

జర్మనుల కథతో నింత ప్రొద్దుపుచ్చుటకు హేతువున్నది. మైనులు పరచు జలాంతర్గామి తన వృత్తివలననే చచ్చుట వింత కాదు. పాముల నాడించువాని గతి మనమెరుగనిదా! మునిగినదానిని పైకిలాగి కాగితములు చదువుటయు, శత్రువును మోసగించితిమని చెప్పుకొన్న కథలు పరీక్షకు నిలువకపోవుటయు, ఈ రెంటినిగూడ జ్ఞాపకముంచుకొనుడు. విశాఖ వ్యాజ్యమున ఇవి మరల వచ్చును.

ఇక ఘాజీ. ఇది పుట్టుకతో పాకిస్తానుది కాదు. అమెరికాలోని పోర్ట్సుమత్ నౌకాశాలలో ‘డయబ్లో’ అను పేర పుట్టినది. 1945 మార్చి 31వ తేదీన కొలువులో చేరినది. ‘డయబ్లో’ యనిన స్పానిషు భాషలో సైతాను. 1964లో పాకిస్తాను అద్దెకు దెచ్చుకొని, ధర్మవీరుడను అర్థమున ‘ఘాజీ’ యని పేరు మార్చెను. ఈ ఉపఖండపు నౌకాదళములలో మొదటి జలాంతర్గామి ఇదియే. పొడవు మూడువందల యడుగులకు పైన. టార్పీడో గొట్టములు ముందు ఆరు, వెనుక నాలుగు. మరల నూనె పోసికొనకుండ పదివేల మైళ్లకు పైగా పోగలదు. 1965 యుద్ధమున ఇది బొంబాయి వైపున కాచియుండెను. తరువాత టర్కీ దేశమునకు పోయి మరమ్మతులు చేయించుకొనివచ్చెను. మైనులు పరచు సాధనములును అప్పుడే చేకూరెను. 1971 నాటికి దాని వయస్సు ఇరువదియారేండ్లు. జలాంతర్గామికి అది ముదిమి. కాని పాకిస్తాను చేతనున్నవానిలో కరాచీనుండి బంగాళాఖాతమువరకు వచ్చి పనిజేయగలది అదియొక్కటియే. తూర్పు బంగాళమున ప్రజలు తిరుగబడి స్వతంత్రము కోరుచుండగా, ఆ తీరమును మన విమానవాహక నౌక ‘విక్రాంత్’ దిగ్బంధము చేయునను భీతి పాకిస్తానునకు కలిగెను. 1971 నవంబరు 14వ తేదీన కమాండరు జఫర్ ముహమ్మద్ ఖాను నాయకత్వమున తొంబదిమందికి పైబడిన సిబ్బందితో ఘాజీ కరాచీ విడిచెను. విక్రాంత్‌ను వెదకి ముంచుట, విశాఖ రేవు ముంగిట మైనులు పరచుట దాని పనులు.

ఆ విక్రాంత్ స్థితి యేమి? బాయిలరు పగిలియుండెను, పూర్తివేగముతో పరుగెత్తలేదు. అట్టిదానిని జలాంతర్గామి యెదుట నిలుపుట గొఱ్ఱెను తోడేలు దారిని కట్టివేయుటయే. తూర్పు నౌకాదళమునకు అధిపతి వైస్ ఎడ్మిరలు నీలకంఠ కృష్ణన్. ఈయన చేసిన పని మెచ్చదగినది. విక్రాంత్‌ను రహస్యముగా అండమాను దీవులలోని యొక మారుమూలకు పంపివేసి, విశాఖ ప్రాంతముననే యున్నట్లు లోకమును నమ్మింపజూచెను. ‘రాజపుత్’ అను ముసలి డిస్ట్రాయరును బయటికి పంపి, విక్రాంత్‌వలె తంతిలేని వార్తలు పంపించెను. పెద్దనౌకకు సరిపడునంత కూరలు, మాంసము, తిండిసామగ్రి కావలెనని కంట్రాక్టరులతో బాహాటముగ బేరములాడించెను. బజారున నొకమాట పడినచో అది రహస్యముగా నుండదని ఆయన యెరుగును. నావికుడొకడు తన తల్లి జబ్బును గూర్చి విచారించుచున్నట్లు సంకేతభాష లేకుండనే ఒక తంతి గూడ పంపించిరట. దొంగవ్యాజ్యమునకు సాక్ష్యమెట్లు కూర్చవలెనో ఈయనను చూచి వకీళ్లు నేర్చుకొనవచ్చును! ఇంతలో పాకిస్తాను వైపునుండి చిట్టగాంగు అధికారులకు వచ్చిన యొక వార్త మనవారికి చిక్కెను. అందులో అడిగినది ఒక రకపు కందెననూనెను గూర్చి. జలాంతర్గాములకును, మైనులు ఏరు ఓడలకును తప్ప ఆ నూనె వేరొకదానికి పనికిరాదు. ఘాజీ బంగాళాఖాతమునకు వచ్చుచున్నదని కృష్ణన్ గారి యూహ యట్లు బలపడెను.

1971 డిసెంబరు 3వ తేదీ సాయంకాలము పాకిస్తాను విమానములు పశ్చిమమున మన విమానస్థావరములపై బడెను. యుద్ధము మొదలయ్యెను. విశాఖ దీపములార్పి చీకటిలోనుండెను. మన నౌకాదళము చెప్పు కథ ప్రకారము, ఆ నడురేయికి కొంచెము ముందు రాజపుత్ రేవు విడిచెను. దాని కెప్టెను ఇందర్ సింగ్. రేవుకాలువ దాటి వెలుపలికి వచ్చునప్పటికి ముందువైపున నీరు సుడిదిరిగి కలగినట్లు కనబడెను. జలాంతర్గామి మునుగుచున్నదేమోయని ఆయన వేగము హెచ్చించి ఆ చోటికి పోయి, రెండు డెప్తుచార్జీలు, అనగా నీటిలోనికి దిగి ప్రేలు మందుపీపాలు, వదలెను. కొలదిసేపటికి మహాఘోరమైన ప్రేలుడు వినబడెను. ఒడ్డునగల భవనములు కంపించెను; పట్టణమువారు గుండెలు చేతబట్టుకొని లేచిరి. రాజపుత్ ఆ చుట్టుపట్ల వెదకి, ఏమియు గానక, తన దారిని తూర్పు బంగాళమువైపు సాగిపోయెను.

తరువాతి ఘట్టమున జాలరులు వచ్చుచున్నారు. నీటిపై నూనె తెట్టెగట్టి యుండుటయు, తునకలు తేలుచుండుటయు చూచినవారు వారు. వానిని ఏరి ఒడ్డునకు దెచ్చి నౌకాదళమువారికి అప్పగించినవారును వారే. వానిలో అమెరికను గుర్తులున్న వస్తువు లుండుటచే ఈ ఓడ ‘డయబ్లో’ యని తేలినది. ‘నిస్తార్’ అను నౌకనుండి గజయీతగాండ్రు అడుగునకు దిగి చూచిరి. ముందుభాగము ప్రేలుడుచే చీలియున్నది. లోపల శవములున్నవి. కొన్నిటిని పైకి దెచ్చి సైనిక మర్యాదలతో మరల సముద్రమునకే యర్పించిరి. డిసెంబరు 9వ తేదీన మన ప్రభుత్వము ఘాజీ మునిగినదని లోకమునకు చాటెను. ఆనాటి రాత్రియే పశ్చిమసముద్రమున పాకిస్తాను జలాంతర్గామి ‘హంగోర్’ మన ‘ఖుక్రీ’ని ముంచెను. కెప్టెను మహేంద్రనాథ్ ముల్లాతో నూటతొంబదిమందికి పైగా మనవారు పోయిరి.

ఇక విచారణ. వాదులిరువురు.

రాజపుత్ వదలిన డెప్తుచార్జీలచేతనే ఘాజీ చచ్చినదని మన నౌకాదళపు వాదము. డెప్తుచార్జీ దెబ్బకు లోపలనున్న మైనులో టార్పీడోలో ప్రేలియుండును, లేదా తప్పించుకొనబోయి తాను పరచిన మైనుపైననే పడియుండునని దానిలోనే రెండు శాఖలు. ఇది ప్రమాదముగాని శత్రువు చేసిన పని కాదని పాకిస్తానువారి వాదము. తన మైనే తగిలి యుండునని కొందరు. లోపల ప్రేలుడు పుట్టెనని కొందరు. ఈ లోపలి ప్రేలుడను దానికి మన జలాంతర్గామి నిపుణులలోనే సమర్థకులున్నారు. జలాంతర్గామి నీటి క్రింద విద్యుత్ బ్యాటరీల బలముతో నడచును. బ్యాటరీలకు బలమెక్కించునప్పుడు హైడ్రోజను వాయువు పుట్టును. అది బయటికి పోక నిలువ జేరినచో నిప్పురవ్వ చాలును. ఇరువదియారేండ్ల ముసలి ఓడలో, పగలెల్ల నీట దాగి రాత్రి కొలది సేపే పైకి రావలసిన స్థితిలో, ఇది అసంభవమని యెట్లనగలము?

మన పక్షమున బలమైన సాక్ష్యము కాలము కలియుట. డెప్తుచార్జీలు పడినవి, వెంటనే ప్రేలుడు వినబడినది. ఇది సామాన్యమైన సాక్ష్యము కాదు. కాని దానికి అడ్డుగా ఒక సాక్షి నిలుచుచున్నాడు. ఆతడు పాకిస్తానువాడు కాడు. 1971లో మన తూర్పు సేనకు చీఫ్ ఆఫ్ స్టాఫుగానుండి, ఢాకా లొంగుబాటునకు ముఖ్యకారకులలో నొకరైన లెఫ్టినెంటు జనరలు జేకబ్. ఆయన వ్రాతప్రకారము, డిసెంబరు 3వ తేదీ ఉదయముననే కృష్ణన్ గారు టెలిఫోనుచేసి, విశాఖ రేవు ముంగిట పాకిస్తాను జలాంతర్గామి తునకలు జాలరులకు దొరకినవని చెప్పిరట. మైనులు పరచుచు ఒకటి రెండు తేదీలలో తానే ప్రేలిపోయియుండును, ఇది దైవకృప యనిరట. మరునాడు మరల మాటాడి, నిన్నటి మాట మరచిపొమ్మనిరట. ఇది నిజమైనచో రాజపుత్ రేవు విడుచునప్పటికే ఘాజీ అడుగున పడియున్నది.

జేకబ్ గారు ఈ మాట వ్రాసినది పెక్కేండ్లు గడచిన పిదప. టెలిఫోనులోని మాట, ఆవలివైపువాడు మరణించినవాడు. ఇట్టి సాక్ష్యమును క్రాసుపరీక్షలో చీల్చుట కష్టము కాదు. కృష్ణన్ గారు తన గ్రంథమున రాజపుత్ కథనే వ్రాసిరి. ఇరువురును దేశమునకు గొప్ప సేవచేసినవారు. ఇరువురి మాటలును కలియవు. అట్టిచోట వకీలు మొట్టమొదట అడుగునది కాగితము. రాజపుత్ నడకపుస్తకమెక్కడ? ఆ దినములలో విశాఖనుండి ఢిల్లీకి పోయిన వార్తలెక్కడ? గజయీతగాండ్రు వ్రాసిన నివేదిక యెక్కడ? ఘాజీ మునుగుటకు సంబంధించిన నౌకాదళపు దస్తరములు 1980 ప్రాంతముననే నశింపజేయబడెనని 2010లో పత్రికలలో వెల్లడియైనది.

మా కోపమంతయు ఇక్కడ. కక్షిదారు తనచేతనున్న పత్రమును కోర్టులో పెట్టనిచో, పెట్టినయెడల అది తనకు ప్రతికూలముగా నుండియుండునని న్యాయస్థానము తలపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము 114వ సెక్షనులో నుండెను. దానికి బదులుగా 2024 జూలైనుండి అమలులోనికి వచ్చిన నూతన చట్టమునను ఈ సూత్రము నిలిచియున్నది. ‘తలపవచ్చును’ అనినారు గాని ‘తలపవలెను’ అనలేదు. పాతకాగితములని గుమాస్తా ఎవడో అలవాటుచొప్పున తగులబెట్టియుండవచ్చును. దురుద్దేశమును మేమారోపింపము. కాని తన విజయపత్రమును తానే తగులబెట్టుకొన్న గృహస్థునేమందుము? మునిగిన ఘాజీని తమ ఖర్చుతో పైకి లాగెదమని అమెరికాయు రష్యాయు అడిగినప్పుడు మన ప్రభుత్వము వలదనెను. శత్రుదేశపు రహస్యములున్న ఓడను పరుల చేతికీయకుండుట తెలివియే. కాని బ్రిటిషువారు తమకు తామే యు.సి.-44ను పైకిలాగి పరీక్షించినట్లు మనము చేసినయెడల ఓడయే సాక్ష్యమిచ్చియుండెడిది.

మైనుల వ్యాజ్యమొకటి అంతర్జాతీయ న్యాయస్థానములోనే మొట్టమొదటి వ్యాజ్యమై జరిగినది. 1946లో గ్రీసు దగ్గర కార్ఫూ జలసంధిలో రెండు బ్రిటిషు నౌకలు మైనులు తగిలి పాడైనవి. 44 మంది నావికులు మరణించిరి. మైనులు పరచినదెవరో చూచినవారు లేరు. 1949 ఏప్రిలులో తీర్పు చెప్పుచు ఆ న్యాయస్థానము, ప్రత్యక్షసాక్ష్యము లేనపుడు పరిస్థితులనుబట్టి ఊహింపవచ్చును గాని, ఆ యూహ సమంజసమైన సందేహమునకు తావీయరాదని నియమించెను. ఆ త్రాసుతో తూచినచో మా తీర్పు ఇది. ఘాజీ విశాఖ వాకిటికి వచ్చినది: ఋజువు. విక్రాంత్ దానికి దొరకలేదు: ఋజువు. డిసెంబరు 4వ తేదీన అదే విక్రాంత్ విమానములు కాక్సుబజారుపైనను చిట్టగాంగుపైనను దాడిచేసెను: ఋజువు. రాజపుత్ రేవు వెలుపల డెప్తుచార్జీలు వదలినది: దానిని కాదనుటకు మాకు కారణము కనబడదు. వానివలననే ఘాజీ మునిగెననుట ఋజువు కాలేదు. మునుగలేదనుటయు ఋజువు కాలేదు.

“అయినచో మన విజయమేమైనట్లు?” అని ఆ విద్యార్థి యడుగును. ఎక్కడికిని పోలేదు. యుద్ధనౌకకు నౌకాధిపతి మొదట చేయవలసినది తన పెద్దనౌకను కాపాడుకొనుట. ఒక పగిలిన బాయిలరు ఓడను, ఒక ముసలి డిస్ట్రాయరును, కొన్ని కూరగాయల బేరములను పెట్టుకొని కృష్ణన్ గారాపని చేసిరి. ఘాజీ తన మైనుచే చచ్చినను, వెదకినది దొరకక చచ్చినది. ఈ కీర్తికి నిప్పుదగిలిన భయము లేదు. దానికి మీద మరియొక అంతస్తు కట్టబోయి, ఆ యంతస్తునకు పునాది యడిగినవానిని ద్రోహి యనుట మనకు తగునా? సత్యమే జయించునని రాజ్యముద్రపై చెక్కించుకొన్న దేశము మనది.

ఆ ఓడ నేటికిని విశాఖ వెలుపల బురదలో కూరుకొనియున్నది. దానిలో పోయినవారిలో పెక్కురు లోపలనే యున్నారు. వారు మన రేవున మృత్యువును పరచవచ్చినవారే. వారు పరచిన మైను ఏ చేపల తెప్పనో తగిలియున్నచో మనమేమందుమో ఊహింపుడు. అయినను, కరాచీలో వారి తల్లులు, భార్యలు ఎట్లు మునిగిరో తెలియక కొన్ని దశాబ్దములు గడపిరి. ఖుక్రీ నావికుల యిండ్లలోని దుఃఖమునకును దీనికిని జాతిభేదము మాకు కనబడదు. విశాఖ సముద్రతీరమున 1996లో కట్టిన విజయస్తంభము దగ్గర నిలుచుండి చూచితిమి. ప్రక్కనే 2002నుండి ప్రదర్శనశాలగానున్న ‘కుర్సురా’ జలాంతర్గామిలోనికి దూరి, ఆ యిరుకు గదులలో ఒక నిమిషము ఆగితిమి. దీపములారి నీరు లోనికి దూకు క్షణమును తలచుకొనినచో శత్రువు, మిత్రుడు అను మాటలు నాలుకకు రావు.

2021 జూనులో మన రక్షణశాఖ ఒక నియమము చేసెను. యుద్ధముల దస్తరములను సామాన్యముగా ఇరువదియైదేండ్లకు ప్రజలకు తెరువవలెనని అందులోనున్నది. 1971నకు ఆ గడువెప్పుడో తీరినది. మిగిలిన కాగితములేవైన నున్నచో, రాజపుత్ నడకపుస్తకము మొదలుకొని, పఠనాలయములకు అందునట్లు అచ్చువేయవలెనని ఈ సభ తరఫున వ్రాయుటకు మీ యనుమతి కోరుచున్నాము.

కాగితము కాలిపోయినను ఒక సాక్ష్యము మిగిలియున్నది. వ్యాజ్యమంతయు ఒక తేదీపై నిలిచియున్నదని చూచితిరి గదా! ఆ మహాధ్వని విశాఖవారు విన్నది డిసెంబరు 3వ తేదీ నడురేయియా, లేక అంతకు ఒకటి రెండు రాత్రుల ముందా? దీపములార్పిన మొదటి రాత్రియా, దీపములు వెలుగుచున్న రాత్రియా? జాలరులు తునకలు తెచ్చినది యుద్ధము మొదలైన తరువాతనా, మునుపా? దీనికి ఎడ్మిరలులు, జనరలులు అక్కరలేదు. ఆనాడు పదేండ్ల బాలురు నేడు అరువది దాటినవారు. పాలకొల్లునుండి, నరసాపురమునుండి విశాఖ రేవునకు పనికి పోయి స్థిరపడిన కుటుంబములు మీ బంధువర్గములోనే యున్నవి. చరిత్ర గ్రంథములలో ‘జాలరులు’ అను ఒక్కమాటతో సరిపెట్టిన ఆ మొదటి సాక్షుల బిడ్డలును విశాఖ పల్లెలలో నుందురు. ఈ సంక్రాంతికి విశాఖ పోవువారు, అచటినుండి వచ్చు చుట్టములను కలియువారు, ఆ రాత్రి విన్నవారినెవరినైన అడిగి, వారి మాటలలోనే, తేదీ తోచినచో తేదీతో, తోచనిచో ఆనాడు దీపములున్నవో లేవో యనునంతవరకైన వ్రాసికొని తెండు. ఒక లావుపాటి నోటుపుస్తకమును ఈ పఠనాలయపు బల్లపై నేడే యుంచి పోవుచున్నాము.